పగలని అద్దాలు

జహనుమాలో ఆ పన్నెండు ఇళ్లనీ లేబర్ క్వార్టర్లంటారు. సర్కారు కట్టించిందన్న మాటే గానీ, కట్టించాక మళ్లీ వాటి మొహం చూసిన పాపాన పోలేదు. అన్నీ ఒకే వరుస. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ, రాయికి మట్టి పెట్టి కట్టి పైన సున్నం పూసిన గోడ. కప్పుకి ఇనప దూలాలు, వాటి మీద షాబాద్ బండలు. కట్టిన కంట్రాక్టరు ఎంత తిన్నాడో, పక్కన నిలబడి కట్టించినవాళ్లు ఎంత తిన్నారో ఆ పైవాడికే ఎరుక. ఇరవై ఏళ్లు నిండకుండానే ప్రతి ఇంట్లోనూ గోడలు బీటలిచ్చాయి. కిరాయి మాత్రం నెలనెలా ఐదో తారీఖులోపల కట్టాల్సిందే. ఒక్కరోజు దాటినా నోటీసు వచ్చేది.

మూడో నంబరులో ఉండే ఆనందరావు ఒక సర్కారు ఆఫీసులో జవాను. చర్చిలో పాటలు పాడే గొంతు, అర్జీలు రాసే చెయ్యి అతనివి. అడగందే అమ్మయినా పెట్టదంటూ ఏటేటా ఒక అర్జీ రాసేవాడు. పన్నెండు ఇళ్లవాళ్ల చేతా సంతకాలూ వేలిముద్రలూ వేయించి, తానే తీసుకుపోయి ఇచ్చి వచ్చేవాడు. అలా ఏడేళ్లు రాశాడు. డెబ్బై నాలుగులో ఏ పుణ్యాత్ముడు చదివాడో, నగరంలోని పాత సర్కారీ ఇళ్ల మరమ్మత్తుకు డబ్బు మంజూరైందని కబురొచ్చింది. కానీ ఇలాంటి వరుసలు నగరంలో పదిహేనో పదహారో ఉన్నాయి. వచ్చిన డబ్బు నాలుగింటికి సరిపోతే గొప్ప. ఎవరికివ్వాలో తేల్చడానికి మే నెల ఆఖర్లో సోమశేఖర్ అనే ఓవర్‌సీరు వచ్చాడు.

పాతికేళ్ల మనిషి, నౌకరీకి కొత్త. చేతిలో టేపు, వెనక తట్ట మోస్తూ ఒక కూలీ. తట్టలో తడిపిన సిమెంటు, జానెడు పొడవున్న సన్నటి అద్దం ముక్కలు ఉన్నాయి. ప్రతి ఇంటి ముందూ చెప్పులు విప్పి లోపలికి వెళ్లాడు, అది మాత్రం అందరికీ నచ్చింది. పెద్ద బీట ఎక్కడుందో చూసి, దానికి అడ్డంగా అద్దం ముక్క పెట్టి, రెండు కొసలా సిమెంటు ముద్దతో అతికించాడు. సిమెంటు పచ్చిగా ఉండగానే మేకుతో తారీఖు గీశాడు. ఇదేందని అడిగితే టెస్టు అన్నాడు. వీటిని ఎవరూ ముట్టుకోవద్దనీ, ఆగస్టులో మళ్లీ వచ్చి చూస్తాననీ చెప్పి సైకిలెక్కి పోయాడు.

గోడ కదిలితే అద్దం పగులుతుంది. అద్దం పగిలితే ఆ ఇంటికి డబ్బు వస్తుంది. అతను చెప్పాల్సింది ఈ రెండు ముక్కలే. చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఇంట్లో ఉండేవాళ్లకి ఇంటి సంగతి చెప్పాలని ఏ ట్రైనింగులోనూ నేర్పరు కాబోలు. వాళ్లూ గుచ్చి గుచ్చి అడగలేదు. సర్కారు మనిషిని రెండోసారి అడగడం వాళ్లకి అలవాటు లేదు.

వైకుంఠం ఉండేది ఏడో నంబరులో. లాల్‌దర్వాజాలో బసవయ్య సేటు పటాల దుకాణంలో పని. దేవుళ్ల పటాలకీ, పెళ్లి ఫోటోలకీ, పోయిన పెద్దల ఫోటోలకీ చట్రాలు కట్టి అద్దాలు బిగిస్తాడు. వజ్రపు మొన ఉన్న కలంతో ఒక్క గీత గీసి బొటనవేలితో నొక్కితే, అద్దం ఆ గీత వెంబడే విడిపోయేది. ఇరవై రెండేళ్ల పనితనం అది. తన పని మీద అతనికి కాస్త గర్వముండేది, అందులో తప్పేం లేదు. భార్య కళావతి, బడికి పోయే ఇద్దరు ఆడపిల్లలు. ఇల్లంటే అతనికి ఆ ఒక్క గదీ, దాని ముందున్న మూరెడు అరుగూ.

పక్కన ఎనిమిదో నంబరు మాణిక్యమ్మది. ఈ రెండిళ్ల మధ్య గోడే వరుస మొత్తంలోకీ పెద్ద బీట ఇచ్చిన గోడ. పైనుంచి కిందిదాకా, చిటికెన వేలు దూరేంత వెడల్పు. ఆమె మొగుడు బీరయ్య రోడ్డు పనిలో ఉండగా చనిపోయి తొమ్మిదేళ్లయింది. ఇల్లు ఇంకా అతని పేరు మీదే నడుస్తోంది. ఆమె మొఘల్‌పురాలో ఒక బడి ఊడ్చి కిరాయి కడుతుంది. ఒక్కగానొక్క కూతురు సావిత్రిని షాద్‌నగర్‌లో ఇచ్చింది. కళావతి రెండు కాన్పులూ ఆమె చేతుల మీదే జరిగాయి. తోడబుట్టినవాళ్లు లేని వైకుంఠం ఆమెని అక్కా అని పిలిచేవాడు, పిలిచినట్టే చూసుకునేవాడు. గోడ అవతల ఆమె దగ్గితే ఇవతల కళావతి పొయ్యి మీద మిరియాల కషాయం పెట్టేది.

ఆషాఢం వచ్చింది. బోనాలకి పది రోజులుందనగా మాణిక్యమ్మ సున్నం వేయడానికని సామాను జరిపింది. చూస్తే అద్దం నడిమికి చిట్లి ఉంది. ఆమె పరుగున పక్కింటికి వచ్చి చెప్తే కళావతి తమ ఇంట్లో బొంతల వెనక చూసింది. అదీ పగిలింది. పొద్దుగూకేసరికి లెక్క తేలింది. పన్నెండింటిలో ఎనిమిది ఇళ్ల అద్దాలు పగిలాయి.

భయం రెండు రకాలుగా పట్టుకుంది. మొదటిది సర్కారు భయం. మూడేళ్ల కింద వరుస చివర సర్కారు పెట్టించిన నల్లా మూతి విరిగింది. ఎవరు విరిచారో తేలక, పన్నెండు ఇళ్ల మీదా జరిమానా వేసి నాలుగు నెలలు నీళ్లు బంద్ చేశారు. ఆడవాళ్లు ఫలక్‌నుమా దాకా పోయి బిందెలు మోసుకొచ్చారు. నల్లా మూతికే అంత చేసినవాళ్లు, తారీఖు వేసి మరీ పెట్టిన అద్దాలు పగిలితే ఊరుకుంటారా? రెండోది అమ్మవారి భయం. పగిలిన అద్దం ఇంట్లో ఉంటే అరిష్టమని ఏ ఇంట్లో అడిగినా చెప్తారు. మామూలు రోజుల్లోనే తీసి అవతల పారేస్తారు. అలాంటిది ఆ గోడ కింద పొయ్యి వెలిగించి బోనం వండి, ఆ గడప దాటించి అమ్మవారికి ఎత్తుకుపోవడమంటే మాటలా?

"తమ్మీ, నీ చేతిల పనే గదా," అంది మాణిక్యమ్మ. "మీ దుకాన్ల తునకలు మస్తు పడుంటయి. ఒకటి గోసి వెట్టు. పలిగిన అద్దం కింద బోనం వండితే అమ్మ ఒప్పుతదా?"

అక్క అడిగింది, అదీ తనకొచ్చిన పని అడిగింది. వైకుంఠానికి సంతోషమైంది. మర్నాడు సేటుకి చెప్పి తునకలు ఏరుకున్నాడు. ఓవర్‌సీరు పెట్టిన ముక్క ఊడదీసి కొలత చూసుకుని, దానికి నూలుపోగు తేడా లేకుండా ఇంకోటి కోశాడు. సిమెంటు తడిపి ముద్దలు పెట్టాడు. తారీఖు దగ్గర కాసేపు ఆగాడు. ఆ సారు ఏడు అంకెకి నడుము దగ్గర అడ్డగీత గీస్తాడు. వైకుంఠం మేకు తీసుకుని, అడ్డగీతతో సహా దింపాడు. దూరం జరిగి చూసుకుంటే తనకే నవ్వొచ్చింది. పెట్టినవాడొచ్చి చూసినా పోల్చలేడు.

ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు వచ్చారు. బోనాలతో సంబంధం లేకపోయినా, నల్లా జరిమానా గుర్తున్న ఆనందరావు భార్య లీలమ్మ కూడా వచ్చింది. ఆనందరావు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. నాలుగు రోజుల్లో ఎనిమిది ఇళ్లలోనూ అద్దాలు నిక్షేపంగా తయారయ్యాయి. ఒక ఇంట్లో గారెలు పెట్టారు, ఒక ఇంట్లో కల్లు పోశారు. వరుసలో వైకుంఠం నడుస్తుంటే, మనవాడు ఉండబట్టి గండం గడిచిందని పిలిచి మరీ చెప్పారు. గోడలన్నీ తెల్లగా, అంచున జాజు పట్టీతో మెరిసిపోయాయి. ఇల్లలకగానే పండగ కాదని పెద్దలు ఊరికే అనలేదు గానీ, ఆ వారం ఎవరికీ ఆ మాట గుర్తు రాలేదు.

పండగ నాలుగు రోజులుందనగా మాణిక్యమ్మ ఇంట్లో పెట్టిన అద్దం మళ్లీ పగిలింది. వారం కూడా నిలవలేదు. గోడ తనకు తెలిసిన భాషలో రెండోసారి చెప్పింది. వైకుంఠం వినలేదు. సిమెంటు కలపడంలో తనే ఏదో పొరపాటు చేశాడనుకుని నొచ్చుకున్నాడు. పటాలకి వాడే పల్చటిది కాదని, ఈసారి షోకేసులకి వాడే మందం అద్దం తెచ్చి, ముద్దలు రెండింతలు పెట్టాడు. అది పగల్లేదు. మాణిక్యమ్మ దాని కిందే బోనం వండి, పసుపు రాసి వేపమండలు కట్టిన కుండ నెత్తిన పెట్టుకుని లాల్‌దర్వాజా దాకా నడిచింది.

ఆగస్టు మొదటి వారంలో సోమశేఖర్ వచ్చాడు. ఇల్లిల్లూ తిరిగి అద్దాల మీద వేలితో తట్టి చూశాడు. తారీఖులు చదువుకుని కాగితంలో రాసుకున్నాడు. ఇన్ని బీటలున్నా ఒక్కటీ కదల్లేదని అతనికే ఆశ్చర్యమేసినట్టుంది, ఎనిమిదో నంబరులో కొంచెం ఎక్కువసేపు నిలబడ్డాడు. మాణిక్యమ్మ చాయ్ ఇచ్చింది. అన్నీ బాగున్నాయమ్మా, మీకేం భయం లేదని అతనంటే ఆమె మొహం వెలిగింది. వైకుంఠం గుమ్మం దగ్గర నిలబడి, వచ్చే నవ్వుని పెదాల వెనకే ఆపుకున్నాడు. ఆ రోజు వరుస మొత్తం పరీక్ష పాసైన పిల్లల్లా తిరిగింది.

ఆగస్టు ఆఖర్లో ఒక సాయంత్రం ఆనందరావు ఆఫీసు నుంచి తిన్నగా ఏడో నంబరుకే వచ్చాడు. మరమ్మత్తు డబ్బు ఎవరెవరికి పోతోందో రాసిన లిస్టు అతని ఆఫీసులోంచే పై ఆఫీసుకి పోయింది. టైపు చేసేవాణ్ణి బతిమాలి చదివించుకున్నాడు.

"మన లైను పేరు లేదు," అన్నాడు.

"బీటలు చూసిండు గదన్నా, మరెందుకు లేదు?"

"అద్దాలు పలగలేదట. గోడలు కదుల్తలేవట, మరమ్మత్తు అక్కర లేదట. అట్ల రాసిండు." ఆనందరావు అరుగు మీద కూలబడ్డాడు. "పలిగితేనే పైసలు, వైకుంఠం. పలగాలెననే పెట్టిండు వాటిని. మనమే గాడిదలం."

మనమే అన్నాడు గానీ అతని చూపు వైకుంఠం చేతుల మీద ఉంది. వైకుంఠం ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మాణిక్యమ్మ గోడ రెండుసార్లు అద్దం పగలగొట్టింది. రెండుసార్లూ తనే దాని నోరు మూశాడు. రెండోసారి మందంగా మూశాడు. ఈ సంగతి ఆనందరావుకి తెలియదు, కళావతికి పూర్తిగా తెలియదు. ఏం తప్పు చేశాడో తనకొక్కడికే మొత్తం తెలుసు.

తెల్లారి దుకాణానికని చెప్పి ఓవర్‌సీరు ఆఫీసుకు పోయాడు. మధ్యాహ్నం దాకా వరండాలో నిలబడితే సోమశేఖర్ గదిలోకి పిలిచాడు. వైకుంఠం చేతులు కట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పాడు. మీరు పెట్టినవి పగిలాయి, ఇప్పుడున్నవి నేను కోసి పెట్టినవి, ఏడు అంకె కూడా నేను గీసిందే అన్నాడు. అది వినగానే ఆ కుర్రవాడు లేచి తలుపు దగ్గరకి వేశాడు.

"ఫైలు పైకి పోయింది," అన్నాడు చాలా నెమ్మదిగా. "పైసలు వేరే లైన్లకు సాంక్షనైనయి. నేను రాసింది తప్పని ఇప్పుడు నేనే రాస్తే నా నౌకరీ ఉంటదా? సర్కారు పెట్టిన సాక్ష్యం మార్చినవని నీ మీద కేసు పెట్టరా? ఎవరితోటీ అనకు. ఈ వానలు గడవనీ. వచ్చే ఏడు లిస్టుల మీ లైను పేరు మొదట నేనే రాస్త."

అప్పుడు వైకుంఠం ఏం చేసి ఉండాల్సిందో చెప్పడం తేలిక. పై ఆఫీసరు గదిముందు కూర్చోవాల్సింది, వరుసలో అందర్నీ వెంటబెట్టుకుని రావాల్సింది. కానీ కేసు అన్న మాట వినగానే అతనికి ఇద్దరు ఆడపిల్లలు గుర్తొచ్చారు. తప్పు ఒప్పుకోవడానికి వచ్చినవాడు, ఒప్పుకోవాల్సిన పని లేదని తెలిసేసరికి లోలోపల తేలికపడ్డాడు. సరే సారూ అని దండం పెట్టి బయటపడ్డాడు. ఆ తేలికపడటమే అతన్ని తర్వాత ఎక్కువ పీడించింది.

ఇంటికొచ్చాక మనసు ఒకచోట నిలవలేదు. వినాయక చవితికి ముందే, ఆకాశంలో మబ్బు తునక లేని రోజున, మాణిక్యమ్మ దగ్గర కూర్చున్నాడు. కొన్నాళ్లు షాద్‌నగర్ పోయి బిడ్డ దగ్గర ఉండి రారాదా, గోడ నాకు మంచిగ కనిపిస్తలేదన్నాడు. ఆమె బియ్యంలో రాళ్లేరుతూ నవ్వింది.

"ఓవర్‌సీరు సారు భయం లేదనె గదా. పదిహేను రోజులు తాళమేస్తే ఇంకొకలకు రాసిస్తరు తమ్మీ. సచ్చినోని పేరు మీదున్న ఇల్లు. ఒకపారి ఇడిస్తే మళ్ల ఇస్తరా?"

అక్కా, ఆ అద్దం అబద్ధం, అని చెప్పడానికి నాలుక చివరిదాకా వచ్చింది. చెప్తే ఆమె ఎవరికి చెప్తుందో, అది ఏ చెవిన పడి ఎటు పోతుందో అనుకున్నాడు. తన ఇంట్లో వచ్చి పడుకోమన్నాడు. ఒక్క గదిలో నలుగురు ఉండగా నేనెందుకంది. అయినా ఆ గోడకి రెండు వైపులా ఉన్నది ఒకటే ప్రమాదం. అతను లేచి వచ్చేశాడు.

చవితి వెళ్లాక వాన పట్టుకుంది. ఆరు రోజులు ఎడతెగకుండా పడింది. వైకుంఠం తమ వైపు గోడకి మూడు మోపుకర్రలు ఆనించాడు. అవతలి వైపు కూడా పెడతానంటే, వంట చేసుకునే చోటు పోతుందని మాణిక్యమ్మ ఒప్పుకోలేదు. రాత్రుళ్లు అతను కర్ర మీద చెయ్యి వేసి కూర్చునేవాడు. గోడ నిలబడింది. ఏడో రోజు తెల్లారి ఎండ కాసింది. వరుస మొత్తం బయటికొచ్చి తడిసిన బొంతలూ బట్టలూ ఆరేసుకున్నారు. వారం పనిపోయిన వైకుంఠం, గండం గడిచిందనుకుని దుకాణానికి పోయాడు.

తాపీపని వాళ్లనడిగితే చెప్తారు. మట్టి గోడ నానినప్పుడు కాదు, ఎండ తగిలి ఆరేటప్పుడు కూలుతుంది. పదకొండు గంటలప్పుడు పటానికి అద్దం బిగిస్తుంటే, పక్క వీధి మనిషి సైకిల్ మీద వచ్చి జహనుమాలో మీ వరుస కూలిందన్నాడు. వైకుంఠం చెప్పులు కూడా తొడుక్కోలేదు. లాల్‌దర్వాజా నుంచి జహనుమా దాకా పరుగెత్తాడు. కళావతి నల్లా దగ్గర ఉంది, పిల్లలు బడిలో ఉన్నారు. తన వైపున్న కర్రలకి ఆగి, గోడ మొత్తం అటువైపే పడింది. దూలం కొస ఊడి, షాబాద్ బండలు ఒకదాని మీద ఒకటి దిగాయి. పదిమంది కలిసి గంటసేపు తవ్వారు. మాణిక్యమ్మ పొయ్యి పక్కన దొరికింది. చేతిలో చాట ఉంది.

తన కర్రలు. తన అద్దం. వైకుంఠం ఆ రాళ్ల మీద కూర్చుని నెత్తి కొట్టుకుని ఏడ్చాడు. సొంత అక్క పోయినా ఇంత ఏడ్చేవారు కాదని జనం అనుకున్నారు.

ఆ తర్వాత ఎవరెవరు రావాలో అందరూ వచ్చారు. జీపులొచ్చాయి, దండలొచ్చాయి, పేపరువాళ్లు వచ్చి ఫోటోలు తీసుకున్నారు. ఏడేళ్ల అర్జీలకు రాని సర్కారు ఒక్క శవానికి మూడు రోజుల్లో వచ్చింది. చనిపోయినామె వారసులకి నష్టపరిహారమన్నారు. పన్నెండు ఇళ్లూ పునాది నుంచి కట్టిస్తామన్నారు. అయితే ముందు ఎంక్వయిరీ జరగాలన్నారు.

ఎంక్వయిరీకి ముందురోజు ఆనందరావు ఇంట్లో అందరూ చేరారు. ఆఫీసులో విన్న సంగతి అతను దాచకుండా చెప్పాడు. అద్దాలు అసలువే అయితే, అంత బీటని కళ్లారా చూసి కూడా అద్దాన్నే నమ్మి రాసిన ఓవర్‌సీరుది తప్పు, భారం సర్కారుది. అద్దాలు మార్చింది మనమేనని తేలితే సర్కారు చేతులు దులుపుకుంటుంది. పరిహారముండదు, ఇళ్లుండవు, పైగా కేసులు. నేను చెప్పేస్తానన్నా అని వైకుంఠం గొణిగాడు.

"చెప్పి ఎవర్ని బతికిస్తవ్?" అన్నాడు ఆనందరావు. "రేపు నేను బైబిలు మీద చెయ్యి వెట్టి అబద్ధం చెప్త. ఆ పాపం నాది. నువ్వు నిజం చెప్పినవంటే, మిగిలిన గోడలు మా పిల్లల మీద పడ్డ రోజున ఆ పాపం నీది."

మర్నాడు వార్డు ఆఫీసులో పెద్ద ఆఫీసరు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒక్కొక్కరే లోపలికి వెళ్లి, అద్దాలు ఎవరూ ముట్టలేదనీ పగల్లేదనీ చెప్పి, కాగితం మీద వేలిముద్ర వేసి వచ్చారు. సోమశేఖర్ గోడ వారన నిలబడి ఉన్నాడు. నాలుగు రోజుల గడ్డం, నలిగిన చొక్కా. ఉద్యోగం నుంచి అప్పటికే పక్కన పెట్టారు. వైకుంఠం లోపలికి రాగానే అతను ఒక అడుగు ముందుకు వేశాడు.

"సార్, ఈయనే. ఆగస్టు ఆఖర్ల మా ఆఫీసుకొచ్చి, అద్దాలు తనే మార్చిన్నని నాతోటి చెప్పిండు."

ఆఫీసరు వైకుంఠాన్ని చూశాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం చెప్తే పన్నెండు ఇళ్లు వీధిన పడతాయి. అబద్ధం చెప్తే ఎదురుగా ఉన్న కుర్రవాడి బతుకు పోతుంది. ఆ కుర్రవాడు కూడా నోరు మూసుకున్నవాడే. కానీ మొదట అద్దం మార్చింది అతను కాదు.

"నేను ఏ ఆఫీసుకూ పోలేదు సారూ," అన్నాడు వైకుంఠం. "ఈ సారును మా ఇండ్ల కాడ చూసుడే గానీ, మాట్లాడింది లేదు."

"వచ్చి చెప్పిండనే అనుకుందాం. మరి నువ్వు వెంటనే ఎందుకు రాయలేదు?" అని ఆఫీసరు సోమశేఖర్‌ని అడిగాడు. సోమశేఖర్ మళ్లీ గోడ వారకి జరిగాడు. వైకుంఠం కాగితం మీద సంతకం పెట్టాడు. ఎప్పటిలాగే తిన్నగా వచ్చింది. అది చూసి తన మీద తనకే అసహ్యం వేసింది.

బయట వేపచెట్టు కింద సావిత్రి కూర్చుని ఉంది. పొద్దునే షాద్‌నగర్ నుంచి వచ్చి, పరిహారం కాగితాల మీద వేలిముద్ర వేసింది. అతను రాగానే లేచి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది. సోమశేఖర్ సైకిలు నడిపించుకుంటూ అటుగా పోతుంటే, నీ ఇల్లు కూలిపోను, నా తల్లిని తిన్నావని ఆ పోయిన గొంతుతోనే శాపనార్థాలు పెట్టింది. అతను ఆమె వైపు చూడలేదు. వైకుంఠం వైపు ఒకసారి చూసి, తల దించుకుని గేటు దాటాడు.

"మా అమ్మ దిక్కు నిలవడ్డోనివి నువ్వే మామా," అంది సావిత్రి. "ఆఖరి దినాలల్ల నేను వచ్చి సూడకపోతి. నన్ను ఏమన్నా యాది చేసిందా?"

ఆమెకి ఏదో ఒక మంచి మాట చెప్పాలనిపించింది. తనకు తెలిసిన నిజాల్లో చెప్పదగ్గది అదొక్కటే ఉందనుకున్నాడు.

"నీ దగ్గరికి పోయి కొన్ని దినాలు ఉండక్కా అని మస్తు చెప్పిన బిడ్డా. వినలే. ఒకపారి ఇల్లు ఇడిస్తే మళ్ల ఇయ్యరన్నది."

"వానలప్పుడా?"

"లే, వానలకు ముందే. చవితి కూడా రాలే అప్పటికి."

సావిత్రి తల ఊపింది. ఒక చెయ్యి విడిపించుకుని కొంగుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత కనుబొమలు ముడిచి అతని మొహంలోకి చూసింది.

"వానలే లేకపాయె. అద్దాలు పలగలే, గోడ కదలలే అని గిప్పుడే లోపట చెప్పి వస్తివి. మరి మా అమ్మను ఇల్లు ఇడిసి పొమ్మని ఎందుకు చెప్పినవ్ మామా?"

సావిత్రి అతని చేతిలోంచి తన రెండో చెయ్యి కూడా మెల్లగా తీసుకుంది. ఆమె వార్డు ఆఫీసు గుమ్మం వైపు చూసింది. లోపల ఆఫీసరు ఇంకా రాసుకుంటున్నాడు. నాలుగడుగులు వేస్తే గుమ్మం. తన బొటనవేలికి అంటిన సిరాని ఆమె పైట చెంగుతో తుడుచుకుంది, రెండుసార్లు తుడుచుకుంది. షాద్‌నగర్ బస్సు ఎన్నింటికని అటు పోయే ఎవరినో అడిగింది. వైకుంఠాన్ని ఒక్క మాట కూడా అనకుండా గేటు వైపు నడిచింది.